కొల్లేటికోట గదిలో ఖాళీ తెర

కైకలూరు బస్సు నన్ను ఆలపాడులో దింపేసరికి ఎండ ఎక్కింది. సంచిలో లాప్‌టాప్, చిన్న స్క్రూడ్రైవర్, హార్డ్ డిస్కును బయట నుంచి తగిలించుకునే కేబుల్, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పొట్లం ఉన్నాయి. ఆటో కోసం నిలబడి ఒకే విషయం మళ్లీ మళ్లీ లెక్క వేసుకుంటున్నాను. సోమవారం సొసైటీ మీటింగు. ఆ లోపల, ఫలానా ఉదయం మా మరదలు చెరువుల నీళ్లు పరీక్ష చేసి అంకెలు కంప్యూటర్లో కొట్టిందని నేను చూపించాలి. చూపించలేకపోతే ఒక రైతు చెరువులో చచ్చిన చేపలన్నిటికీ ఆమే కారణమని తేల్చేస్తారు. ఉద్యోగం పోతే పోయింది, ఇంకో దారి చూసుకోవచ్చు. చేప మీదే బతికే ఊళ్లో ఆ నింద పడ్డాక ఆమె ఇంట్లోంచి బయటికి ఎలా వస్తుంది?

మరదలంటే మా ఆవిడకు సొంత చెల్లెలు. కొల్లేటికోటలో ఇచ్చారు. భర్త చెరువుల మీద పనికి వెళతాడు. ఆ చుట్టుపక్కల చేపల రైతులు కలిసి పెట్టుకున్న సొసైటీకి ఏలూరులో హెడ్డాఫీసు, తాడేపల్లిగూడెంలో మేత గోడౌను, కొల్లేటికోటలో నీటి పరీక్షల గది ఉన్నాయి. నేను ఏలూరులో లెక్కలు రాస్తాను. మూడు చోట్లా కంప్యూటర్ల బాధ్యత కూడా నాదే. నాకు ఆ చదువు లేదు. ఒకప్పుడు గూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్లో గుమస్తాగా ఉండేవాణ్ని. ఓనరు కంప్యూటరు కొని తెస్తే ముట్టుకోవడానికి అందరూ భయపడ్డారు, నేను ముట్టుకున్నాను. అలా మొదలైంది. అర్థం కానిదాన్ని కొలిచి చూస్తే సగమైనా అర్థమవుతుందన్న నమ్మకం ఒక్కటే నా చదువు.

మరదలి పని చెబుతాను. తెల్లవారకముందే చెరువు గట్ల మీద తిరిగి, మీటరు నీళ్లలో ముంచి, ఆక్సిజన్ ఎంత ఉందో చూడాలి. గదికి వచ్చి ఆ అంకెలు షీటులో కొట్టాలి. అంకె మూడుకు తగ్గితే చేపకు ఊపిరాడదు, నోరు తెరుచుకుని పైకి వచ్చేస్తుంది. షీటు ఏలూరు చేరాక, అక్కడ పొద్దుటి డ్యూటీలో ఉండే అతను దాన్ని చూసి, ప్రమాదంలో ఉన్న చెరువు రైతుకు ఫోన్ చేసి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేయమంటాడు. షీటు రాని రోజున అతను ఏం చేస్తాడు? అన్నీ బాగున్నట్టే అనుకుంటాడు. ఎవరూ పెట్టిన రూలు కాదది, ఎలాగో అలవాటైపోయింది.

చలి ముదిరాక, మంచు ముసురుకున్న ఒక ఉదయం, అవతలి గట్టునున్న ఒక రైతు చెరువు తెల్లబడిపోయింది. చేపలన్నీ తిరగబడి పొట్టలు పైకి తేలాయి. ఆ రైతు ఆ పూటే ఏలూరు వచ్చి సెక్రటరీగారి బల్ల ముందు నిలబడి, "నాకు ఫోనెందుకు రాలేదండీ?" అని అడిగాడు. గొంతు కూడా పెంచలేదు. డ్యూటీ అతను మరదలి ఫోల్డరు తెరిచాడు. ఆ రోజు షీటు లేదు. ముందు రోజుదీ లేదు. వెనక్కి వెళ్లి చూస్తే, చలి మొదలైన దగ్గర్నుంచి ఏవో కొన్ని తప్ప ఏవీ లేవు.

సెక్రటరీగారు నావైపు తిరిగారు. ఆయన ఎవరినీ గట్టిగా అనరు.

"ఏవండీ, మీ మరదలుగారు చలికి దుప్పట్లోంచి లేచినట్టు లేరండీ."

ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది. గదికి ఆ రోజే తాళం వేయించారు. శనివారం నేను వెళ్లి కంప్యూటరు తీసుకురావాలి, మా కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు కంపెనీవాళ్లు దాన్ని మొత్తం తుడిచి కొత్తగా ఎక్కిస్తారు, సోమవారం మీటింగులో మరదలి సంగతి తేలుస్తారు.

బయటికొచ్చి ఆమెకు ఫోన్ చేశాను.

"కొట్టానండీ బావగారూ. పెద్దింట్లమ్మ సాక్షి. ఆ చెరువుకి ఒకటి పాయింటు ఎనిమిది. నా చేత్తో కొట్టాను."

"మరి అంతకుముందు రోజులవో?"

"అన్నీ కొట్టానండీ. ఒక్క రోజు మానితే ఒట్టు."

"మర్నాడు తెరిచినప్పుడు ముందురోజువి తెర మీద కనబడేవా?"

"లేదండీ. ఖాళీగా ఉండేది."

"ఖాళీగా ఉంటే ఎవరికీ చెప్పలేదేం?"

"ఏలూరు పట్టుకుపోయిందనుకున్నానండీ. మన దగ్గర చేప బాక్సులు లారీ ఎక్కితే మర్నాటికి ఖాళీవి రావూ? అలాగే అనుకున్నాను. ఖాళీగా ఉందంటే సరుకు చేరినట్టే కదండీ అని."

ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఎవరైనా అలాగే అనుకుంటారు. ఖాళీ పెట్టె తిరిగొస్తేనే వాళ్లకు ధైర్యం.

తెర ఎందుకు ఖాళీ అయ్యేదో తెలుసుకోవడానికి కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాను. విజయవాడ కుర్రాడు, ఓపికగా చెప్పాడు. మా సొసైటీలో ఎవరు ఏ ఊళ్లో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా వాళ్ల తెర, వాళ్ల ఫైళ్లు ఏలూరు సర్వరు నుంచి వాళ్ల వెంటే వస్తాయి. దాన్ని యూజర్ ప్రొఫైల్ అంటారు. పని ముగించి లాగాఫ్ చేస్తే కొత్తగా చేసిందంతా తిరిగి ఏలూరు వెళుతుంది. ఇంతవరకు నాకు తెలుసు. తెలియనిది దాని వెనక ఉంది. లాగిన్ అయ్యే క్షణంలో కంప్యూటరు ఏలూరు దారిని ఒకసారి కొలిచి చూస్తుంది. సెకనుకు అయిదు వందల కిలోబిట్ల కన్నా తక్కువ వస్తే అది స్లో లింకు అని తేల్చేసుకుంటుంది. ఇక సర్వరు జోలికి వెళ్లదు. తన దగ్గర దాచుకున్న కాపీతో సరిపెట్టుకుంటుంది.

"మంచి ఏర్పాటే కదా?" అన్నాను.

"మంచిదే సార్. కానీ ఒక మెషీన్ మీద ఇద్దరు ముగ్గురు పనిచేస్తారని, లాగాఫ్ అవ్వగానే కాపీ తుడిచేసేలా కూడా పెట్టాం."

ఇద్దరం ఒకేసారి అదే లెక్క వేసుకుంటున్నాం. దారి నెమ్మదిగా ఉంటే ఏలూరు నుంచి తెచ్చుకోదు. ఇక్కడి కాపీ ముందే తుడిచేసి ఉంటుంది. అప్పుడు కంప్యూటరు ఏం చేయాలి? ఒక తాత్కాలిక ప్రొఫైల్ తయారుచేసి ఖాళీ తెర ఇస్తుంది. లాగాఫ్ చేయగానే దాన్నీ, అందులో కొట్టినదాన్నీ చెరిపేస్తుంది. ఆ సంగతి చెబుతూ ఒక మూల చిన్న ఇంగ్లీషు హెచ్చరిక వస్తుందట. మరదలు రోజూ దాన్ని మూసేసి పని మొదలుపెట్టేది. ఎవరు మూయరు?

"మేం వచ్చి చూసినప్పుడల్లా అక్కడ లింకు బాగానే ఉంది సార్," అన్నాడు అతను.

నిజమే. మేమందరం అక్కడికి వెళ్లేది ఎండెక్కాక. లింకు అందుకునే డిష్, గది పక్కనున్న పాల కేంద్రం మేడ మీద, వాళ్ల బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి గదికి తాళం ఉన్నా దాన్ని ఏలూరు నుంచి పలకరించవచ్చు. మర్నాడు చీకటితోనే ఆఫీసుకు వెళ్లి కొలుస్తూ కూర్చున్నాను. మంచు కమ్మిన వేళ, నీళ్ల మీదుగా వచ్చే ఆ రేడియో లింకు నీరసించిపోయింది. అయిదు వందలు కాదు, అందులో సగం కూడా రాలేదు. పొద్దెక్కి మంచు విడిచేసరికి ఏమీ ఎరగనట్టు పుంజుకుంది. సరిగ్గా మరదలు లాగిన్ అయ్యే వేళకే ఆ దారి చచ్చుబడుతోంది. చలికాలమంతా అంతే అయి ఉంటుంది.

కారణం తెలిసింది. కానీ నా లెక్క సరైనదైతే ఆ ఉదయం ఆమె కొట్టిన అంకెలు తాత్కాలిక ప్రొఫైల్లో పడ్డాయి. లాగాఫ్ చేసి ఉంటే అవి ఈ లోకంలో లేవు. సెట్టింగు తప్పని సోమవారం నేను ఎంత చెప్పినా, మరదలి కోసం బావ అల్లిన కథ అంటారు. నేను వాళ్ల స్థానంలో ఉన్నా అదే అంటానేమో.

ఇంజనీరు చివర్లో ఒక మాట చెప్పాడు. "సార్, ఆ మెషీన్ ఆన్ చేయకండి. డిస్క్ ఊడదీసి మీ లాప్‌టాప్‌లో చూడండి. లాగాఫ్ కాకుండా కరెంటు పోయి ఉంటే ఆ ఫోల్డర్ మిగిలిపోయి ఉండొచ్చు. లాగాఫ్ అయి ఉంటే మాత్రం ఏమీ మిగలదు."

లాగాఫ్ కాకుండా ఆపడమన్నది ఆ ఇంటికి కొత్త కాదు. పరీక్షల గది మరదలి ఇంట్లోనే ఒక వాటా. కొల్లేటిలో మనిషి లేని గదిలో కరెంటు ఉంచరు. నీళ్లు ఎప్పుడు గుమ్మం దాటతాయో తెలియని చోట, గది ఖాళీ అయితే ముందు మెయిన్ దింపేస్తారు. మొదట్లో మరదలూ అంతే చేసేది. షీట్లు ఏలూరు చేరేవి కావు. అప్పుడు ఆఫీసువాళ్లు పెద్ద అక్షరాలతో స్టిక్కరు వేయించి పంపారు: లాగాఫ్ చేయకుండా ఆపరాదు. అది అంటించాక షీట్లు చక్కగా వచ్చేవి. చలి మొదలయ్యే వరకు.

ఆటో దిగి వెళ్లేసరికి మరదలు గుమ్మంలోనే ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. అయినా నవ్వింది.

"రండి బావగారూ. అక్క పులిహోర పంపిందా? కేసు మీద వస్తూ కూడా క్యారేజీ తెచ్చుకునేది మీరొక్కరేనండీ."

అరుగు మీద ఆమె అత్తగారు చాప పరిచి ఎండు చేపలు తిరగేస్తున్నారు. నేను మంచినీళ్లు తాగి, సంచి దించకుండానే అడిగాను.

"ఆ రోజు లాగాఫ్ చేశావా?"

"చేశానండీ."

"తొందరేం లేదు, బాగా గుర్తు చేసుకుని చెప్పు."

"గుర్తు చేసుకునేదేముందండీ, రోజూ చేస్తాను. గోడకి స్టిక్కరుంది. మీటింగులో కూడా అదే చెబుతాను. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశానని."

నేను ఆమె వంకే చూస్తూ ఉండిపోయాను. తనను కాపాడుతుందని ఆమె గట్టిగా పట్టుకున్న మాటే తనను ముంచుతోంది.

"అలా చూస్తారేంటండీ? చేస్తే మంచిదే కదా?"

ఇక చెప్పక తప్పలేదు. దారి కొలవడం, కాపీ తుడవడం, తాత్కాలికంగా ఇచ్చిన తెర, అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర్లో నెమ్మదిగా అడిగింది.

"అంటే, చెప్పినట్టు చేశాను కాబట్టి పోయిందాండీ?"

"అవును."

"చెప్పినట్టు చేయకపోతే ఉండేదా?"

"ఉండేదేమో."

ఆమె గోడకు చేరబడి కింద కూర్చుంది. "ఆ మంచులో గట్టు మీద ఎన్నిసార్లు జారి పడ్డానో తెలుసాండీ మీకు? మోకాలు చూపించనా?" అని, చూపించకుండానే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవడానికి కూడా అత్తగారు వింటారని భయం.

ఆవిడ విననే విన్నారు. చేపలు తిరగేస్తూనే అన్నారు.

"ఏంటమ్మా, చేశాను చేశాను అంటావు? ఏం చేశావు ఆ రోజు? మా వాడు పనిచేసే చెరువులో చేప నోరు తెరుస్తుందని కబురొస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తావు. పెట్టె బుర్రుమంటానే ఉంది."

"మీరు ఊరుకోండి అత్తయ్యా," అంది మరదలు కంగారుగా. "బావగారూ, ఆవిడ మాట పట్టించుకోకండి. ఉన్నది చాలదని అది కూడా నా మీదకొస్తుంది."

"వస్తే నా మీదకి రానీ. మనిషి లేదు, కరెంటు ఉంది. నేను చూస్తా ఊరుకుంటానా? మెయిన్ దింపేశాను."

నేను అరుగు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. "పిన్నిగారూ, నిజంగా మీరే దింపారా? కరెంటు దానంతటది పోలేదు కదా?"

"ఆయ్, నేనేనండీ. ఈ చేత్తోనే," అని చేపల వాసన వేస్తున్న చెయ్యి చూపించారు. అంతలోనే గొంతు తగ్గించి, "తిట్టండి బాబూ, పడతాను. ఏలూరులో మాత్రం చెప్పకండి. దాని ఉద్యోగానికి నేనే అడ్డుపడ్డానంటారు," అన్నారు.

నేను ఆవిడకు ఏం సమాధానం చెప్పానో నాకు గుర్తు లేదు. గది తాళం తీసి, కంప్యూటరు పక్క రేకు ఊడదీశాను. స్క్రూ ఒకటి తుప్పు పట్టి రాలేదు. తిప్పుతుంటే చెమటకు చెయ్యి జారేది. ఆశ పుట్టాక భయం ఎక్కువైంది. మెయిన్ దింపిన దెబ్బకు డిస్కే పాడై ఉంటే? షీటు సేవ్ చేయకముందే పరిగెత్తి ఉంటే? ఆ మాట మరదలిని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

డిస్కు తగిలించాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత సన్నగా తిరిగిన చప్పుడు. యూజర్ల ఫోల్డర్లో అందరి పేర్ల కింద, ఎవరిదీ కాని పేరుతో ఒక ఫోల్డరు ఉంది: టెంప్, అంటే ఆ తాత్కాలిక ప్రొఫైల్. తెరవబోతే అనుమతి లేదంది. అనుమతి ఇమ్మన్నాను. ఆకుపచ్చ గీత నత్తలా నడుస్తుంటే మరదలు నా వెనకే నిలబడింది. ఆమె అత్తగారు గుమ్మం దాటి లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

డెస్క్‌టాప్ తెరుచుకుంది. ఒకే ఒక్క షీటు. ఆ తేదీ. సేవ్ చేసిన టైము ఆరుకు కొన్ని నిమిషాల ముందని చూపిస్తోంది. వరసగా చెరువుల అంకెలు. అవతలి గట్టు చెరువుకు ఎదురుగా 1.8. ఆ గడికి ఎర్ర రంగు వేసి, పక్కన ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో కొట్టింది: అర్జెంటుగా ఫోన్ చెయ్యండి.

లాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, నా ఫోన్‌లో ఒక కాపీ పెట్టాను.

"మిగతా రోజులవి కూడా చూడండి బావగారూ," అంది మరదలు.

వెతికాను. లేవని తెలిసే వెతికాను. ఒక్కటీ లేదు. స్టిక్కరు చెప్పినట్టు ఆమె లాగాఫ్ చేసిన మంచు ఉదయాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. చెప్పినట్టు చేయని ఆ ఒక్క ఉదయం మాత్రం మిగిలింది.

"ఎన్ని రోజులు తిరిగానండీ," అంది. అడిగినట్టు అనలేదు. నేను లెక్క చెప్పలేదు.

సోమవారం మీటింగులో షీటు ప్రింటు తీసి అందరికీ ఇచ్చాను. సెక్రటరీగారు కళ్లజోడు సర్దుకుని చదివి, "సరేనండి. ఆ రోజు మటుకు ఆవిడ తప్పు లేదు. పనిలోకి రమ్మనండి," అన్నారు. దుప్పటి మాట వెనక్కి తీసుకోలేదు. డ్యూటీ అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చేపలు పోయిన రైతు కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నా వైపు చూశాడు.

"అయితే నా చేప ఎవరి వల్ల పోయిందండీ? మీరు లెక్కలాయన కదా, మీరు చెప్పండి."

చెప్పాను. తెల్లవారుజామున దారి నెమ్మదించిందని, అయిదు వందలకు తగ్గితే స్లో అని మిషను అనుకుంటుందని, అనుకుంటే ఏలూరుకు ఏమీ పంపదని.

"మిషను అనుకుందాండీ?" అన్నాడు. ఇంకేం అడగలేదు. లేచి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ నమస్కారం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత నేనూ ఇంజనీరూ కూర్చుని సెట్టింగులు మార్చాం. కాపీ తుడవవద్దన్నాం. దారి కొలిచే చోట అయిదు వందలు తీసి సున్నా పెట్టాం. సున్నా ఉంటే అది స్లో లింకు అన్న మాటే ఎత్తదు, ఎంత ఆలస్యమైనా ఏలూరు నుంచే తెచ్చుకుంటుంది. షీటు రాని రోజున డ్యూటీ అతనే కొల్లేటికోటకు ఫోన్ చేయాలని కూడా సెక్రటరీగారి చేత చెప్పించాను. ఇక మిగిలింది ఒక్కటే. మరదలు లాగాఫ్ చేయాలి. ఇప్పుడు నిజంగా చేయాలి. చేస్తేనే షీటు ఏలూరు చేరుతుంది.

ఆ మాటే ఫోన్ చేసి చెప్పాను. "లేదండీ," అంది మరదలు.

"లేదంటే?"

"నేను లాగాఫ్ చేయనండీ బావగారూ. మీరేమైనా అనుకోండి. చేసినవన్నీ పోయాయి. మెయిన్ దింపిందే నిలిచింది. నన్ను కాపాడింది అదే."

"అప్పటి సంగతి వేరమ్మా. ఇప్పుడు మార్చాం. అంకె సున్నా పెట్టాం."

"అప్పుడు కూడా ఏదో అంకె పెట్టే ఉంటారు కదండీ," అంది.

ఎన్ని అంకెలు చూపించినా ఆమెకు కలిగిన ఆ భయం పోదు. ఆమె స్థానంలో నేనుంటే నాకూ పోదు.

అందుకని రోజూ తెల్లవారాక నేనే ఫోన్ చేస్తున్నాను. "చేశావా?" అంటాను. వెనక నుంచి ఆమె అత్తగారి గొంతు వినబడుతుంది: "మెయిన్ దగ్గరే ఉన్నాను, దింపేయనా?" మరదలు ఉండమంటుంది. అప్పుడు మౌస్ నొక్కిన చప్పుడు. "చేశానండీ. పోతే మాత్రం మీదే పూచీ," అని పెట్టేస్తుంది. నేను ఏలూరులో ఆమె ఫోల్డరు తెరిచి ఆ రోజు తేదీ పడేదాకా చూస్తూ కూర్చుంటాను. మామూలు రోజుల్లో వెంటనే పడుతుంది. మంచు కమ్మిన రోజుల్లో చాలాసేపు పడుతుంది. అంతసేపూ బల్ల మీద కాఫీ ఉంటుంది, తాగబుద్ధి కాదు.